బుల్లోడి కుడి ముంగాలు

మా దగ్గరికి వచ్చే కుక్కలు ముసలివో జబ్బువో అయి ఉంటాయి. కళ్లకు పొర కమ్మినవి, నడుము పడిపోయినవి, పశువుల డాక్టరు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నవి. వాటిని పెంచినవాళ్లు పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వస్తారు. నేను మెత్తగా పిసికిన మన్నును రొట్టెలా పరిచి పెడతాను. నా కోడలు సవిత కుక్క కాలు పట్టుకుని దాని మీద అద్దుతుంది. ఆరబెట్టి, కాల్చి, అంచుకు రంగు వేసి, పేరు రాసి ఇస్తాం. కుక్క పోయాక ఆ పళ్లెం వాళ్ల గోడ మీద ఉంటుంది.

మా ఆయన లక్ష్మీరాజం బతికి ఉన్నప్పుడు మాది కుండల పని. ఆయన పోయాక నిజామాబాద్‌లో ఆ గల్లీలోనే ఉండి పదేళ్లు బీడీలు చుట్టాను. సవిత వచ్చాక ఫోన్‌లో ఏదో చూసి ఈ పళ్లేల పని పెట్టింది. మొదట నవ్వాను. మొదటి పళ్లెం తీసుకున్నామె దాన్ని రొమ్ముకు హత్తుకుని మా గడపలోనే కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత నవ్వలేదు.

అందుకే బోధన్ అవతలి క్యాంపు నుంచి రత్తయ్య అనే రైతు ఫోన్ చేసి, "మా కుక్క బండెక్కదు, మీరే రావాలి" అన్నప్పుడు, పాపం ఎంత ముసలిదో అనుకున్నాను. కాలువ నీళ్లు వచ్చిన కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులనే అంటారు. తడిగుడ్డలో చుట్టిన మన్ను ముద్ద సంచిలో పెట్టుకుని నేనూ సవితా పొద్దున బస్సెక్కాం. చెరకు నరికే రోజులు. దారంతా మా బస్సు ట్రాక్టర్ల వెనకే నడిచింది.

గేటు తీయగానే కుక్క గొలుసు తెంచుకునేంత పని చేసింది. మూడేళ్లుంటాయేమో. గోధుమ రంగు, నిక్కిన చెవులు, నూనె రాసినట్టు మెరిసే ఒళ్లు.

"ఇదేనా?" అన్నాను.

"వీడే. బుల్లోడు," అన్నాడు రత్తయ్య. అరవై ఐదు దాటిన మనిషి, లుంగీ, భుజం మీద తువ్వాలు. "భయపడకండి, కరవడు."

"ఏం జబ్బు?"

"జబ్బేంటి? గుండ్రాయిలా ఉంటేనూ."

నేను సవిత వైపు చూశాను. సవిత కుక్క మెడ వైపు చూస్తోంది. గొలుసు కొత్తది, ఇంకా దుకాణం మెరుపు పోలేదు. దాని కింద మెడ వెంట్రుకలు రాలి చర్మం ఎర్రగా కమిలింది. పుట్టినప్పటి నుంచి కట్టేసి పెంచిన కుక్క మెడ అలా ఉండదు. మొన్నమొన్ననే కట్టేశారు.

రత్తయ్య భార్య హనుమాయమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసులు మా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి, కుక్క పక్కన నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కుక్క ఆమె చీర కుచ్చిళ్లలో మూతి దూర్చింది.

నేను మన్ను పరిచాను. "ఏ కాలు వెట్టాలె?" అని సవిత అడిగింది. మామూలుగా అందరూ, ఏదైనా సరే అంటారు, కాదంటే అన్నీ పెట్టమంటారు.

"ముందు కుడికాలు. అదొక్కటే," అన్నాడు రత్తయ్య వెంటనే. "లోతుగా నొక్కండి. గోళ్లతో సహా పడాలి."

"అంచుకు పూలు గీయమంటరా? పేరు ఎరుపుల రాయమంటరా?"

"పూలూ వద్దు, రంగూ వద్దు. బాగా కాలుస్తారుగా? అరకొరగా కాదు, ఇటుకలా ఖంగుమనాలి."

"కాలుస్తం," అన్నాను.

"పళ్లెం వెనకాల రాయండి. 'ఇది రత్తయ్య గారి కుక్క బుల్లోడి కుడి ముంగాలు' అని. కింద మీ సంతకం."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. సంతకం ఎక్కడ పెడుతున్నానో రెండుసార్లు చూసి పెట్టడం అలవాటు. ఇంటి గోడకు తగిలించుకునే పళ్లేనికి సంతకం ఎందుకు?

"నా సంతకం ఎందుకయ్యా?"

"ఎవరు చేశారో తెలియాలిగా," అన్నాడు. హనుమాయమ్మ ఏదో అనబోయింది. ఆయన ఆమె వైపు తిరిగి, "నువ్వు లోపలికెళ్లు," అన్నాడు. ఆమె వెళ్లలేదు. బుల్లోడు మన్నులో కాలు పెట్టి, బాగుందనుకుందో ఏమో, తోక ఆడించింది.

తిరుగు బస్సులో నేను అదే తవ్వుతూ కూర్చున్నాను. "దాన్ని చంపుతరేమో సవితా. లేకుంటే బతికిన కుక్కకు పళ్లెం ఎందుకు?"

"చంపేటోళ్లు పళ్లెం చేపిస్తరా అత్తమ్మా?"

"అమ్ముతరేమో."

"ఆధార్ కార్డు తీపిస్తున్నడు కుక్కకు. వేలిముద్ర, సంతకం, అన్ని అడిగిండు గదా," అని సవిత కిటికీ వైపు తిరిగి నవ్వింది. "నీకు అన్నిట్ల అనుమానమే. కండక్టర్ ఇచ్చిన టికెట్ గూడ తిప్పి తిప్పి సూస్తవు."

ఇంటికి వచ్చి పళ్లెం నీడలో ఆరబెట్టాను. పచ్చిగా ఉన్నప్పుడు ఆ ముద్రలో నా నాలుగు వేళ్లు సరిగ్గా పట్టాయి. ఆరి, బట్టీలో కాలి బయటికి వచ్చాక మూడు వేళ్లు పట్టి నాలుగోది బయటే ఉండిపోయింది. అది మామూలే. మన్నులో నీళ్లున్నంత చోటు, నీళ్లు పోయాక ఉండదు. అడిగినట్టే వెనకాల రాసి, సంతకం పెట్టాను.

తీసుకుపోవడానికి రత్తయ్యే వచ్చాడు. పళ్లేలు తీసుకునేవాళ్లు ముందుగా ముద్రను నిమురుతారు. ఆయన నిమరలేదు. వేళ్లు కలిపి ముద్రలో పెట్టి కొలిచాడు. కొలిచి, మూతి బిగించి నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు.

ఆ ఆదివారం పొద్దున మా గల్లీ మొదట్లో కారు ఆగింది. సాయిరాం అనే డ్రైవర్ దిగి, రత్తయ్య గారు తీసుకురమ్మన్నారని చెప్పాడు.

"ఎందుకంట?"

"పళ్లెం నువ్వే చేసినవని నలుగురిల ఒక్క మాట చెప్పాలట అవ్వా. గంట పని. మల్ల నేనే దింపుత."

"నలుగురు ఎవరు?"

సాయిరాం ముందు నసిగాడు. కారు జానకంపేట దాటాక తనే మొదలుపెట్టాడు. లింగం అనే గొర్లకాపరి భీమ్‌గల్ వైపు నుంచి మంద తోలుకుని వచ్చి క్యాంపు పొలాల్లో దిగాడు. కోత అయిన పొలంలో రాత్రిపూట గొర్రెల మందను పడుకోబెడితే ఎరువు పడుతుంది. రైతులే పిలిపించుకుంటారు. పన్నెండు రోజుల కింద ఆ మందలో ఏడు గొర్రెపిల్లలను ఏదో కుక్క గొంతు కొరికి చంపింది. ఆ పొలం రత్తయ్య ఇంటి వెనకాలే. బుల్లోడే చేసిందని లింగం పట్టుపట్టాడు.

"డబ్బులిస్తమన్నరు క్యాంపోళ్లు. లింగం వద్దన్నడు. రుచి మరిగిన కుక్క మల్ల వస్తది, దాన్ని సూదేసి చంపాలె అన్నడు. ఆ తెల్లారి పొద్దుగాల కాలువ గట్టు పక్క బురదల కాలు గుర్తు దొరికింది ఆయనకు. గడ్డపారతోని ఆ మట్టి పెళ్ల పెళ్లే లేపి పెట్టుకున్నడు. కుక్కను తీసుకరండ్రి, కాలు కొలుద్దం అన్నడు. మా సారేమో, ఇంతమందిల కుక్క బెదిరి కరుస్తది, మా దగ్గర దాని కాలు ముద్ర పళ్లెం ఉంది, అది తెస్త అన్నడు."

"ఉంది అన్నడా? అప్పటికి చేసినమా మేము?"

సాయిరాం అద్దంలో నన్ను చూసి, మళ్లీ రోడ్డు వైపు చూశాడు. "నాకు గవన్ని తెల్వదు అవ్వా. సారు మంచోడే. ఇరవై ఏండ్లు ఇటుక బట్టీ నడిపిండు. మా ఇల్లు ఆయన ఇటుకతోనే కట్టినం."

ఇటుక చేసేవాడి చెక్క అచ్చు ఎప్పుడూ ఇటుక కన్నా పెద్దది. ఆరి కాలేసరికి ఎంత తగ్గుతుందో లెక్క వేసుకుని అచ్చు కొట్టించుకుంటారు. ఇరవై ఏళ్లు బట్టీ నడిపిన మనిషికి నా పళ్లెం సంగతి నేను చెప్పాలా? బాగా కాల్చమని ఎందుకన్నాడో, ముద్రలో వేళ్లు పెట్టి ఎందుకు నవ్వాడో అప్పుడు తెలిసింది.

వాడకం లేని చెరకు కాటా షెడ్డులో ముప్పై మంది దాకా ఉన్నారు. ఒకవైపు క్యాంపు రైతులు కుర్చీల్లో, ఇంకోవైపు లింగం, అతని మనుషులు నేల మీద గొంగళ్లు పరుచుకుని. మధ్యలో భూమన్న అనే పెద్దమనిషి. ఆయనది పక్క ఊరు, రెండు వైపులా మాట చెల్లే మనిషట. బల్ల మీద నా పళ్లెం. పక్కన ఇనుప తట్టలో ఎండిన మట్టి పెళ్ల. పెళ్ల మీద కుక్క కాలు గుర్తు, నాలుగు గోళ్ల పోట్లతో సహా, ఎవరో చెక్కినంత స్పష్టంగా ఉంది.

భూమన్న రెండింటినీ దగ్గరికి జరిపాడు. కొలవక్కరలేదు. పళ్లెంలోది చిన్నది, పెళ్ల మీదిది పెద్దది.

"చూశారా?" అన్నాడు రత్తయ్య. "ఏ అడవి కుక్కదో. మావాడి మీద వేశారు. వచ్చే ఏడు ఇతని మందని ఈ పొలాల్లో దించేది లేదు."

కుర్చీల వైపు తలలు ఊగాయి. లింగం లేచాడు. నలభై ఏళ్ల మనిషి, బక్కగా, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "గది ఆ కుక్క కాలేనని ఎవడు సూసిండు? ఏ పిల్లకుక్క కాలు అద్దుకొచ్చిండ్రో."

"అందుకేగా పిలిపించింది," అని రత్తయ్య నా వైపు చేయి చాపాడు. "చెప్పమ్మా. ఇది మా బుల్లోడి కాలేనా? నీ సంతకమేనా?"

"ఆ కుక్క కాలే. నా సంతకమే," అన్నాను.

అడిగింది అంతే. నేను చెప్పిందీ నిజమే. అక్కడితో ఆగి ఉంటే కారు నన్ను ఇంటి దగ్గర దింపేది. హనుమాయమ్మ షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడి, నా నోటి వైపే చూస్తోంది. ఆ మాట విని కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. లింగం మాత్రం మళ్లీ కూలబడి గొంగడి కొసలు పీకుతున్నాడు. ఏడు గొర్రెపిల్లలు పోయి, అబద్ధాలకోరు అనిపించుకుని, మంద దించే చోటు కూడా పోగొట్టుకుని వెళ్లబోతున్న మనిషి. అదంతా జరిగేది నా సంతకం ఉన్న పళ్లెంతోనే.

"ఇంకో మాట ఉంది భూమన్నా," అన్నాను. "ఈ పళ్లెం పచ్చిగున్నప్పుడు గా ముద్ర ఇంత లేదు. ఇంకా పెద్దగుండె. కాలితే మన్ను దగ్గరికి గుంజుకుంటది. దీన్ని వెట్టి కొలిస్తే కొలత తప్పుతది."

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

"ఎంత ముట్టింది నీకు?" అని కుర్చీల్లోంచి ఎవరో అరిచారు. రత్తయ్య మొహం ఎర్రబడింది. "నిన్ను అడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి? మట్టి గుంజుకోవడం ఏంటి, రబ్బరా?"

"నీకు తెల్వదా అయ్యా? ఇరవై ఏండ్లు ఇటుక తీసినవు."

హనుమాయమ్మ తల తిప్పి భర్త వైపు చూసింది.

లింగం లేచి నిలబడ్డాడు. "ఇగ సూడుండ్రి! కుక్కను తెప్పియ్యుండ్రి. ఇప్పుడే తేలుస్త."

ఈసారి కాదనడానికి రత్తయ్యకు దారి లేకపోయింది. సాయిరాం బుల్లోణ్ణి గొలుసుతో తెచ్చాడు. అది ఇంతమందిని చూసి బెదరనూ లేదు, కరవనూ లేదు. అందరి చెప్పులూ వాసన చూసింది. లింగం మనిషి ఒకడు కాలువ గట్టుకు పోయి, ఆ పెళ్ల లేపిన చోటి నుంచే బురద తట్ట నిండా తెచ్చాడు. నేను దాన్ని పరిచి, చేత్తో నునుపు చేసి, బుల్లోడి కుడి ముంగాలు అద్దాను.

తట్టలు రెండూ పక్కపక్కన పెట్టగానే షెడ్డులో గోల లేచింది. తేడా కనిపించలేదు. ఇదీ అంతే, అదీ అంతే.

"గిదే! గిదే కాలు!" లింగం తట్ట మీదికి వంగి అరిచాడు. "సూదెయ్యుండ్రి దానికి. ఇప్పుడే డాక్టర్‌ను పిలువుండ్రి."

హనుమాయమ్మ వచ్చి కుక్క మీద పడిపోయి మెడ కావలించుకుంది. "నీ చేతులు విరిగిపోను," అంది నన్ను చూసి. "ఎవరు రమ్మన్నారే నిన్ను? నా బిడ్డని చంపడానికే వచ్చావా?"

నేను ఆ తిట్టు పడ్డాను. పడి, లింగంతో అన్నాను, "ఆగు బిడ్డా. నీ పెళ్ల ఎండి పన్నెండు రోజులాయె. ఇది ఇప్పుడు పెట్టిన పచ్చి మన్ను. పచ్చిదానికి, ఎండినదానికి పోలిక ఎట్ల పెడతవు?"

"ఇగ మల్ల మొదలువెట్టె!"

"నీ పెళ్ల గూడ గుంజుకున్నది. బురద ఎండితే బీటలు ఎందుకు పడతయి, పొలంల సూడలేదా? కుండకు మూత చేస్తే ఒక్కటే మన్నుతోని, ఒక్కటే దినం చెయ్యాలె. లేకుంటే మూత కూసోదు. గీ పచ్చి బురదను గూడ పన్నెండు రోజులు ఆరనియ్యి. రెండు ఎండినంక పక్కపక్కకు పెట్టు. అప్పుడు సమానముంటే నీ ఇష్టం."

"పన్నెండు రోజులల్ల వాళ్లు దాన్ని మార్చరని ఏం నమ్మకం?"

"అతను మార్చడని మాకేం నమ్మకం?" అన్నారు కుర్చీల వాళ్లు.

ఆ ఒక్క విషయంలో రెండు వైపులా ఒకటే మాట మీద ఉన్నారు. చివరికి భూమన్న తేల్చాడు. రెండు తట్టలూ అంగన్‌వాడీ టీచర్ జ్యోతిరాణి దగ్గర, బడి సామాన్లు పెట్టే గదిలో ఉండాలి. తలుపుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి రత్తయ్య దగ్గర, ఒకటి లింగం దగ్గర. జ్యోతిరాణి అక్కడే ఉండి ఇదంతా వింటోంది. "పిల్లల గుడ్ల అట్టలు గూడ ఆ గదిలనే ఉన్నయి. మీ కొట్లాటల మధ్యల పిల్లలకు గుడ్లు ఎట్ల పెట్టాలె?" అంది. గుడ్లు ముందే బయటికి తీసి, తలుపుకు తాళాలు వేశారు.

నన్ను దింపడానికి కారు రాలేదు. బోధన్ దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో వచ్చాను.

ఆ పన్నెండు రోజులు నేను ఎవరినీ నమ్మలేదు. మూడో రోజు రత్తయ్య సవితకు ఫోన్ చేసి, పెళ్ల ఆరేటప్పుడు ఎండలో పెడితే ఎక్కువ తగ్గుతుందా, నీడలో పెడితే తక్కువ తగ్గుతుందా అని అడిగాడు. నేను ఫోన్ లాక్కుని పెట్టేశాను. అయిదో రోజు లింగం మనిషి ఒకడు మా గల్లీకి వచ్చి, కుండ కొనడానికి వచ్చానన్నాడు. కుండ వైపు చూడనే లేదు. మా ఇంట్లో క్యాంపు వాళ్లు ఇచ్చిన సామాను ఏమైనా ఉందా అన్నట్టు మూలమూలలా చూశాడు.

"కుండ తీసుకో, లేకుంటే నడువు," అంది సవిత.

"సూస్తున్న గదా అక్కా."

"కుండలు బయట ఉన్నయి. నువ్వు మా బియ్యం డబ్బా సూస్తున్నవు."

ఎనిమిదో రోజు జ్యోతిరాణి ఫోన్ చేసింది. గది కిటికీ రెక్క ఊడదీయబోయిన గుర్తులున్నాయట. ఎవరో తెలియదు. నాకు నిద్ర పట్టలేదు. పెళ్ల మీద గుక్కెడు నీళ్లు పోసినా చాలు, ముద్ర ఉబ్బి చెడిపోతుంది. నేను ఎందుకు నోరు తెరిచానా అని మొదటిసారి అనిపించింది. తెరవకపోతే కుక్క బతికేది, ఆ మాట ఖాయం. ఇప్పుడు బతుకుతుందో లేదో మట్టికి తప్ప ఎవరికీ తెలియదు.

"సమానముంటే ఏం చేస్తవు అత్తమ్మా?" అని సవిత అడిగింది.

"ఏం చేస్త? నేనే చంపినట్టు."

సవిత నాకు ధైర్యం చెప్పలేదు. చేతిలో పని ఆపి, కొంతసేపు నా పక్కన కూర్చుంది.

పన్నెండో రోజు మా ఖర్చుతో మేమే వెళ్లాం. రెండు తాళాలూ ఒకేసారి తీశారు. రత్తయ్య లింగం చేతినీ, లింగం రత్తయ్య చేతినీ చూస్తూ తీశారు. నేను ముందు వెళ్లి వంగి చూశాను. కిటికీ రెక్క వంకరపోయింది కానీ ఊడలేదు. తట్టల మీద దుమ్ము సమానంగా ఉంది. ఎవరి వేలూ పడలేదు.

తట్టలు వాకిట్లో పెట్టారు. ఒక పక్కన సాయిరాం బుల్లోణ్ణి గొలుసుతో పట్టుకుని నిలబడ్డాడు. భూమన్న చీపురుపుల్ల తీసి, లింగం పెళ్ల మీది ముద్ర పొడవుకు తుంచాడు. గోళ్లు వదిలేసి, మెత్తల వరకే. తర్వాత అదే పుల్లను బుల్లోడి ముద్రలో పెట్టాడు.

పుల్ల పట్టలేదు. ముందు ఒకవైపు ఆనించి, తర్వాత ఇంకోవైపు ఆనించి చూశాడు. రెండు జొన్నగింజలంత పొడవు బయటికి వచ్చింది. అడ్డంగా వెడల్పుకూ ఇంకో పుల్ల తుంచాడు. అదీ అంతే. లింగం తనే వంగి పెట్టి చూశాడు. పుల్లను వేళ్లతో నొక్కి పట్టించబోయాడు.

"ఇరగ్గొడితే పడుతది," అన్నాడు భూమన్న మెల్లగా. లింగం చేయి తీసేశాడు.

పచ్చిగా ఉన్నప్పుడు సమానంగా కనిపించిన కాలు, ఎండాక చిన్నదైంది. అంటే ఆ రోజు బురదలో అడుగు పెట్టిన కుక్క బుల్లోడి కన్నా పెద్దది.

కుర్చీల వైపు ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. హనుమాయమ్మ నవ్వలేదు, ఏడవలేదు. భర్త దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను చెప్తూనే ఉన్నా. ఆ రాత్రి వాడు నా మంచం కిందే ఉన్నాడని. నువ్వు నమ్మలేదు."

"నమ్మాను," అన్నాడు రత్తయ్య.

"నమ్మితే పళ్లెం ఎందుకు చేయించావు? కొలిస్తే దొరికిపోతాడనేగా?"

ఆయన తువ్వాలు కొసలు చుట్టాడు. "పొద్దున్నే వాడి కాళ్లకి బురద చూశాను. ఎవరూ లేవకముందే కడిగేశాను."

"కాలవ గట్టు మీదున్న ఇంట్లో కాళ్లకి బురద ఉండదా? నీ కాళ్లకి లేదా? నా కాళ్లకి లేదా?" ఆమె గొంతు పెంచలేదు. "ఇన్నాళ్లూ వాడి మెడకి గొలుసేసి, పక్కన కూర్చుని అన్నం తిన్నావు."

రత్తయ్య కుక్క దగ్గరికి నడిచాడు. సాయిరాం చేతిలోని గొలుసు తీసుకుని, తనే వంగి కొక్కెం విప్పాడు. బుల్లోడు ఆయన చేతులు నాకింది. దానికి ఎవరి మీదా అనుమానం లేదు.

నేను వెళ్లిపోదామని సంచి ఎత్తుకున్నాను. క్యాంపు రైతు ఒకాయన కుర్చీలోంచే అన్నాడు, "మరి ఎవరి కుక్కండీ అది? మందతో పాటు వచ్చిన కుక్కలు లేవా? మూడున్నాయిగా, ఒకటి దూడంత ఉంటుంది."

లింగం మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. "మంద కుక్క మందను కొరుకుతదా?" అని వాళ్లలో ఒకడు అన్నాడు కానీ మాట చివరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. నేను లింగం మొహం చూశాను. ఆ మాట అతనికి ఇప్పుడే తట్టినట్టు లేదు. ఈ పన్నెండు రోజుల్లో ఏదో ఒక పూట తట్టే ఉంటుంది. తట్టిన ఆలోచనను వెనక్కి నెట్టి, తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగి ఉంటాడు. ఆ కిటికీ రెక్క ఎవరు పీకారో అడగాలనిపించింది. అడగలేదు.

భూమన్న లింగం కోసం ఆగాడు.

లింగం గేటు దాకా నడిచి రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. కాసేపటికి గట్టు మీద నుంచి నల్లటి పెద్ద కుక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. చెవి ఒకటి చీలి ఉంది. వచ్చి అతని తొడకు ఆనుకుని నిలబడి, పని ఏమిటన్నట్టు పైకి చూసింది.

"తోడేలు నుంచి నన్ను కాపాడింది ఇది," అన్నాడు ఎవరితోనో కాకుండా. తర్వాత నా వైపు తిరిగాడు. "అవ్వా, మన్ను కలుపు."

"నీకిష్టమేనా బిడ్డా?"

"ఇష్టమేంది. గా బుల్లోనికి ఇష్టమేనా అని అడిగినమా?"

నేను సంచి దించాను. సవిత పరుగున పోయి కాలువ గట్టు నుంచి బురద తెచ్చింది. నేను దాన్ని పరిచి నునుపు చేసి, కుక్క కాలు అందుకోబోయాను. లింగం నా చేయి అడ్డుకున్నాడు. తనే మోకాళ్ల మీద కూర్చుని, ఆ కుక్క కుడి ముంగాలును రెండు చేతుల్లో పట్టుకుని, వేళ్ల మధ్య ఇరుక్కున్న ముళ్లు ఒక్కొక్కటీ తీసి పారేశాడు. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత కుక్క చెవిలో ఏదో చెప్పి, కాలును మట్టిలోకి నొక్కాడు.